బియ్యం సంచి, ఏడు ఆంపియర్-అవర్ల బ్యాటరీ: ఉత్తర ఒంటారియో చేపల వేట డైరీ

గత ఏడాది కెనడాలోని ఇదే సరస్సులో నాలుగు రోజులు గాలాలు వేసి ఇద్దరం కలిసి పట్టినవి 9 వాలైలు (ఇక్కడి మంచినీటి చేప). క్యాబిన్‌లోని లాగ్ బుక్ తిరగేస్తే మా ముందు వచ్చినవాళ్ళు ఒక్క సాయంత్రంలోనే అన్ని పట్టినట్టు రాసి ఉంది. ఎరలు మార్చాం, రంగులు మార్చాం, లాభం లేకపోయింది. ఇంటికొచ్చాక తీరిగ్గా ఆలోచిస్తే తేలిందేమిటంటే, ఆ నాలుగు రోజులూ మా పడవ కింద ఎంత లోతుందో మాకు తెలియదు. ఆ సరస్సుకు లోతుల మ్యాపు అమ్మకానికి లేదు. అందుకే ఈసారి పని రెండు ముక్కలు: లోతులు కొలిచి సొంత పటం గీసుకోవడం, దొరికిన చోట పడవను నిదానంగా నిలపడం.

స్థలం గురించి క్లుప్తంగా. వినిపెగ్ నుంచి రెడ్ లేక్‌కు కారులో దాదాపు 480 కిలోమీటర్లు. 105వ నంబరు హైవే అక్కడితో సరి. అక్కడి నుంచి ఫ్లోట్ ప్లేన్‌లో (నీళ్ళ మీద దిగే విమానం) ఉత్తరానికి 50 నిమిషాలు. లాడ్జి వాళ్ళ చెక్క క్యాబిన్ ఒకటి, అల్యూమినియం పడవలు రెండు, వాటికి 9.9 హార్స్‌పవర్ మోటార్లు, గ్యాసు పొయ్యి, గ్యాసు ఫ్రిజ్, నాలుగు సోలార్ బల్బులు. ప్లగ్ పాయింటు లేదు, ఫోను సిగ్నల్ లేదు. గైడు ఉండడు. ఉన్నది నేనూ, మా బావమరిదీ. 2024 జూన్ చివరి వారం.

దశ 1: బరువు

విమానంలో మనిషికి 80 పౌండ్ల సామానే, ఇద్దరికీ 160. తిండి కూడా అందులోనే. మొదటిసారి అన్నీ సర్ది తూస్తే 211 వచ్చింది. తీసేసిన వరుస ఇది:

1. బియ్యం 20 నుంచి 7 పౌండ్లకు. నాలుగు రోజులకు ఇద్దరికి 7 చాలు, చివరికి మిగిలింది కూడా. మొత్తం 198.
2. లోతు కొలిచే యంత్రానికి పెట్టిన రెండు లెడ్-యాసిడ్ బ్యాటరీలు (11 పౌండ్లు) తీసేసి ఒక లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ (2 పౌండ్లు). మొత్తం 189.
3. ఐసు నింపిన పెద్ద కూలర్ బదులు మెత్తటి సంచి. ఐసు లేదు. కోడికూర, సాంబారు గడ్డకట్టించి ప్యాకెట్లుగా పెట్టాం, అవే ఐసు. మొత్తం 173.
4. గాలాల పెట్టెలు రెండు ఒకటైంది. దీని మీద ఒక సాయంత్రమంతా గొడవ. మొత్తం 160.
5. ఆవకాయ గాజు సీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి. మొత్తం 158.

రెండు పౌండ్లు మిగిలాయని సంబరపడ్డాం. రెడ్ లేక్ డాక్ మీద కాటాలో పెడితే 163! మా ఇంట్లో బాత్రూమ్ స్కేలును కార్పెట్ మీద పెట్టి తూచాను. కార్పెట్ మీద ఆ స్కేళ్ళు తప్పు చూపిస్తాయి, గట్టి నేల మీదే పెట్టాలి. ఆ రోజు విమానం నిండా లోడు ఉందని డాక్ అబ్బాయి మూడు పౌండ్లు కూడా వదల్లేదు. ఏది తీయాలా అని చూస్తుంటే మా వాడు చేతికి అందిన సంచి తీసి కారులో పడేశాడు. అందులో ఉన్నవి మూడు పౌండ్ల ఉల్లిపాయలు. ఆ సంగతి రాత్రి పొయ్యి వెలిగించాక గానీ తెలియలేదు.

కూర్చున్న విమానం బీవర్. ఆ రకం మొదట ఎగిరింది 1947లో, తయారీ ఆగింది 1967లో. మా ఇద్దరికంటే పెద్దది. ఎలుగుబంటి స్ప్రే ఉంటే ముందే పైలట్‌కు చెప్పాలి. మాది మనుషులు కూర్చునే చోట పెట్టనివ్వలేదు, కింద తేలే పడవల్లాంటి ఫ్లోట్ అరలో పెట్టించాడు. గాల్లో అది పగిలితే ఎవరికీ కళ్ళు కనబడవు.

దశ 2: సోనార్ పెట్టె

ఇది ఇంట్లో నెల రోజుల ముందు మొదలైంది. సెకండ్ హ్యాండ్ ఐదంగుళాల ఫిష్ ఫైండర్, 110 డాలర్లు. సోనార్ అన్నా ఇదే: నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి లోతు, చేపలు స్క్రీన్ మీద చూపే యంత్రం. ముందు లెడ్-యాసిడ్‌తోనే కట్టాను. 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ (అంటే ఒక ఆంపియర్ చొప్పున ఏడు గంటలు) అని రాసి ఉన్నా, సగానికి మించి వాడితే దాని ప్రాణం తీసినట్టే. కాబట్టి మోసుకెళ్ళే బరువులో సగం దండగ. అందుకే మార్చాను.

లిథియంలో 12 ఆంపియర్-అవర్లది కొందామనుకుని ఆగాను. 12.8 వోల్టులను 12తో గుణిస్తే 153 వాట్-అవర్లు దాటుతుంది. విమానాల్లో 100 వాట్-అవర్లు దాటితే ముందు అనుమతి అడగాలి, అదో తలనొప్పి. 7 ఆంపియర్-అవర్లదైతే 89.6. అది తీసుకున్నాను, ఛార్జర్‌తో కలిపి 95 డాలర్లు. అయినా విమానం వాళ్ళకు ఫోన్ చేసి చెప్పే పెట్టాను.

కట్టిన విధానం:

1. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా (18 డాలర్లు). బ్యాటరీ కదలకుండా చుట్టూ పాత యోగా మ్యాట్ ముక్కలు.
2. ప్లస్ వైరు మీద, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, 3 ఆంపియర్ల ఫ్యూజు. వైర్లు, కనెక్టర్లతో 14 డాలర్లు.
3. మూత మీద స్క్రీన్ స్టాండు, పక్కన రంధ్రంలోంచి వైరు, చుట్టూ సిలికాన్.
4. నీళ్ళలో ఉండే సెన్సరుకు మూడడుగుల చెక్క పట్టీ, పడవ అంచుకు పట్టేలా సి-క్లాంపు. 11 డాలర్లు.

ఇప్పటిదాకా ఖర్చు: 248 డాలర్లు.

మొదటిసారి ప్లస్, మైనస్ తారుమారు చేశాను. టప్‌మని ఫ్యూజు పోయింది, యంత్రం బతికింది. ఫ్యూజు లేకుండా "తర్వాత పెడదాంలే" అనుకుంటే 110 డాలర్లు అక్కడే పోయేవి. మొదట సెన్సరును రబ్బరు సక్షన్ కప్పుతో అంటించాలనుకున్నాను. అల్యూమినియం పడవకు రివెట్లుంటాయి, కప్పు పది నిమిషాలు కూడా నిలవలేదు. అందుకే చెక్క పట్టీ.

మల్టీమీటర్‌తో కరెంటు కొలిచాను: స్క్రీన్ వెలుగు పూర్తిగా పెడితే 0.82 ఆంపియర్లు, 40 శాతానికి తగ్గిస్తే 0.55. అంటే తక్కువ వెలుగులో 12 గంటల 40 నిమిషాలు. అక్కడ ఛార్జింగ్ లేదు కాబట్టి నాలుగు రోజులకూ ఇదే జీతం.

దశ 3: మొదటి రోజు, అన్నీ తప్పులే

ఉదయం ఎండ స్క్రీన్ మీద పడి ఏమీ కనబడలేదు. వెలుగు పూర్తిగా పెంచాను. తర్వాత తగ్గించడం మర్చిపోయాను. చేపలు పట్టేటప్పుడు, భోజనం చేసేటప్పుడు కూడా అది వెలుగుతూనే ఉంది. 5 గంటల 10 నిమిషాలు, 0.82 చొప్పున 4.2 ఆంపియర్-అవర్లు. అంటే ఒక్క రోజులో 60 శాతం ఖాళీ.

బ్యాటరీ మిగులు: 2.8 ఆంపియర్-అవర్లు. తక్కువ వెలుగులో 5 గంటలు.

ఇంకో పాఠం. పడవ గంటకు 8 కిలోమీటర్లు దాటగానే స్క్రీన్ నిండా చుక్కలు, గీతలు. చేపల గుంపేమో అని మా వాడు కేక వేశాడు. అవి బుడగలు. సెన్సరు ముందు నుంచి గాలి కలిసిన నీళ్ళు పోతుంటే అంతే. రెండంగుళాలు కిందికి దించి, గంటకు 5 కిలోమీటర్లకు తగ్గిస్తే అడుగు గీత శుభ్రంగా వచ్చింది. కిందికి దించాక ఒకసారి రాయికి తగిలింది కూడా. క్లాంపును కొంచెం వదులుగా బిగించడం వల్ల పట్టీ వెనక్కి తిరిగింది, విరగలేదు. పట్టీకి ఒక తాడు కట్టి పడవకు ముడి వేయండి, ఊడినా నీళ్ళపాలు కాదు.

ఇక అసలు తప్పు. నేను మోటారు నడుపుతుంటే మా వాడు నోట్‌బుక్‌లో లోతులు రాశాడు: 6, 7, 9, 8. ఇంత తక్కువ లోతా అని ఆశ్చర్యపోతూనే 9 అని రాసిన చోట లంగరు వేశాం. లంగరు అంటే బియ్యం సంచిలో నింపిన రాళ్ళు. ఇనుప లంగరు మోసుకెళ్ళక్కర్లేదు, ఖాళీ సంచి బరువు ఎంతని? దానికి 25 అడుగుల తాడు. తాడంతా వదిలినా సంచి అడుగుకు తగలకుండా గాల్లో వేలాడినట్టు వేలాడుతోంది, పడవ మానాన పడవ పోతోంది.

"తొమ్మిదడుగులకి పాతికడుగుల తాడు చాలట్లేదేంటి బావా?"

ఆ యంత్రాన్ని అంతకుముందు వాడినాయన మీటర్లలో పెట్టుకున్నాడు. 9 అంటే దాదాపు 30 అడుగులు. ఆ రాత్రి కూర్చుని 62 అంకెలనూ 3.28తో గుణించాం, పెన్సిల్‌తో. లంగరు పట్టాలంటే తాడు లోతుకు కనీసం మూడింతలు ఉండాలని కూడా అప్పుడే గుర్తొచ్చింది. అదృష్టం కొద్దీ సామానులో ఇంకో 100 అడుగుల తాడు ఉంది (16 డాలర్లు).

గాలాలు: 11 పోయాయి. పైక్ చేపల పళ్ళు బ్లేడుల్లా ఉంటాయి, దారం తెగినట్టు కూడా తెలియదు, రీలు తేలికవుతుంది అంతే.

మొదటి రోజు: వాలైలు 2, పైక్‌లు 7. ఖర్చు: 264.

ఆ రాత్రి వాలై తలకాయలతో పులుసు పెట్టాను. వాలై గురించి తెలియనివాళ్ళకు: తెల్లటి కండ, ముళ్ళు తక్కువ, పండుగప్ప ఇష్టమైనవాళ్ళకు ఇదీ నచ్చుతుంది. చింతపండు, కారం, మెంతులు అన్నీ ఉన్నాయి. ఉల్లిపాయలు రెడ్ లేక్‌లో కారులో ఉన్నాయి. "ఉల్లిపాయ లేకుండా పులుసేంటి బావా, రసంలో చేప పడ్డట్టుంది" అన్నాడు, సంచి తీసి పడేసిన మహానుభావుడే.

దశ 4: రెండో రోజు, పటం

పద్ధతి మార్చాం. సోనార్ వేస్తే కొలవడానికే, చేపలు పట్టేటప్పుడు స్విచ్ కట్టెయ్యాలి. వెలుగు 40 శాతం, ఎండ తగలకుండా డబ్బా మీద నల్ల చెత్త సంచితో గొడుగు.

1. ఒడ్డున ఒక రాయి నుంచి ఎదురు ఒడ్డున చెట్టుకు సూటిగా, గంటకు 5 కిలోమీటర్లు.
2. ఫోనులో టైమర్, 20 సెకన్లకొక అంకె. ఆ వేగంలో 20 సెకన్లకు దాదాపు 28 మీటర్లు.
3. ఎదురు ఒడ్డు చేరాక 100 మీటర్లు పక్కకు జరిగి వెనక్కి.
4. గళ్ళ కాగితం మీద అక్కడికక్కడే ఎక్కించడం. రాత్రికి వాయిదా వేస్తే ఏ అంకె ఎక్కడిదో గుర్తుండదు.

సరస్సంతా కొలవాలన్న దురాశ వదిలేశాం. పొడవు 6 కిలోమీటర్లు, బ్యాటరీ 5 గంటలు. పడమటి గాలి కొట్టే తూర్పు ఒడ్డు ఒక్కటే తీసుకున్నాం. గాలి తోసే వైపే చిన్న చేపలు చేరతాయి, వాటి వెనక వాలైలు.

నాలుగో గీత మీద అడుగు 31, 30, 30 అని వస్తూ ఉన్నట్టుండి 22, 14, 15, 27. మళ్ళీ వెనక్కి తిరిగాం. నీళ్ళ కింద రాతి దిబ్బ! పైనుంచి చూస్తే మామూలు నీళ్ళే. పొడవు 40 మీటర్లు ఉంటుందేమో. గత ఏడాది దాని పక్కనుంచే కనీసం పదిసార్లు పోయి ఉంటాం.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సెన్సరు పంపే శబ్దం గరాటులా విచ్చుకుంటుంది. 20 డిగ్రీల కోణమైతే అడుగున దాని వెడల్పు లోతులో సుమారు మూడో వంతు. 30 అడుగుల దగ్గర పదడుగుల వలయం. దిబ్బ అంచు స్క్రీన్ మీద కాస్త ముందే, కాస్త నున్నగా కనబడుతుంది. కచ్చితమైన అంచు కావాలంటే నిదానంగా రెండు వైపుల నుంచీ దాటాలి.

దిబ్బను మళ్ళీ కనుక్కోవడం ఎలా? ఫోను జీపీఎస్ ఉంది కానీ, దాని ఛార్జీ కూడా పవర్ బ్యాంకు ఉన్నంతవరకే. దీనికి ఉపాయం మా వాడిదే. వాళ్ళ తాతది ఉప్పాడ వైపు, పడవ మనిషి. ఒడ్డున తాటిచెట్టునూ, దాని వెనక గుడి గోపురాన్నీ ఒక వరుసకు తెచ్చుకుని, ఇంకో పక్క ఇంకో జత చూసుకుంటే సముద్రంలో చోటు దొరుకుతుందని చిన్నప్పుడు చెప్పేవాడట. ఇక్కడ తాటిచెట్టు లేదు. డేగ గూడున్న ఎండు చెట్టు కిందికి తెల్ల రాయి రావాలి, దక్షిణాన లంక కొన వెనక క్యాబిన్ పొగగొట్టం కనిపించీ కనిపించనట్టు ఉండాలి. ఈ రెండూ కుదిరితే కింద 14 అడుగులు. తర్వాత రెండు రోజులూ ఫోను తీయలేదు.

మధ్యాహ్నం చేప విదిలించుకుని గాలం నా బొటనవేలిలో దిగింది. మానిటోబాలో (వినిపెగ్ ఉన్న రాష్ట్రం) ముల్లు, అంటే కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న కొక్కెం, లేని గాలాలే వాడాలన్నది చట్టం, అక్కడి అలవాటు కొద్దీ అన్ని గాలాల ముళ్ళూ పటకారుతో నొక్కేసి ఉన్నాయి. లాగితే వచ్చేసింది. ముల్లుంటే విమానం పిలవాల్సి వచ్చేది. మీరు ఎక్కడికి వెళ్ళినా నొక్కేయండి, పెద్ద పనేం కాదు.

సోనార్: 2 గంటల 40 నిమిషాలు. మిగులు: 1.3 ఆంపియర్-అవర్లు. వాలైలు: 5, మొత్తం 7. గాలాలు పోయినవి: 2, మొత్తం 13. తగ్గడానికి కారణం గాలానికి ముందు అడుగు పొడవున కట్టిన, 20 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ దారం (చుట్ట 13 డాలర్లు). తీగ కడితే ఒక్కటీ పోదు, కానీ వాలైలు ముట్టుకోవడం తగ్గినట్టనిపించి తీసేశాను. ఖర్చు: 277.

దశ 5: దిబ్బ దొరికింది, పడవ నిలవదు

దిబ్బ తెలిసీ రెండో రోజు ఐదే ఎందుకంటే, గాలికి పడవ దాని మీద నుంచి నిమిషంన్నరలో జారిపోయేది. లంగరు వేస్తే ఒకే చోట ఉండిపోతాం, చేపలు దిబ్బ చుట్టూ తిరుగుతుంటాయి. ఫోనులో కొలిస్తే జారే వేగం గంటకు 2.1 కిలోమీటర్లు. పావు ఔన్సు గాలం అడుగుకు తగలకముందే వెనకపడిపోతోంది.

మూడో రోజు పొద్దున రెండో బియ్యం సంచి తీశాం. పడవ వెనక నీళ్ళ గొడుగులా వేలాడదీస్తే వేగం తగ్గాలి.

1. మొదటి ప్రయత్నం: సంచి మూతికి రెండు వైపులా తాడు. నీళ్ళలో మూతి మూసుకుపోయింది. వేగం 2.1, ఏమీ మారలేదు.
2. క్యాబిన్‌లోని తీగ హ్యాంగరు గుండ్రంగా వంచి మూతికి కుట్టాం. మూతి తెరుచుకుంది, కానీ సంచి బొంగరంలా తిరిగి తాడు మెలిపడింది.
3. అడుగు మూలలు రెండూ రెండేసి అంగుళాలు కోశాం, నీళ్ళు కొంచెం బయటికి పోయేలా. నాలుగు వైపుల నుంచి నాలుగు తాళ్ళు, ఒకే ముడి. తిరగడం ఆగింది. వేగం 1.8.
4. లంగరు సంచి రాళ్ళు పారబోసి, దాన్నీ అలాగే చేసి రెండూ వేశాం. 1.4.

20 పౌండ్ల బియ్యం సంచి చిన్నది, ఇంతకంటే ఆశించకూడదు. 40 పౌండ్లది తెచ్చి ఉంటే బాగుండేది. మిగతా పని మోటారు చేసింది: పడవ వెనక భాగాన్ని గాలికి ఎదురుగా తిప్పి, రివర్స్ గేరులో సన్నగా ఆడిస్తూ ఉంటే 0.8 దాకా వచ్చింది. సంచులను ముందు వైపుకు మార్చాం, వెనక ఉంటే తాడు ప్రొపెల్లరుకు చుట్టుకుంటుంది. (చుట్టుకుంది. పావుగంట పట్టింది.) అల వెనక నుంచి కొట్టి కూర్చున్నచోటల్లా తడిసింది, రెయిన్ ప్యాంటు వేసుకోండి.

సాయంత్రం ఎనిమిదిన్నరకు మొదలైంది. అక్కడ జూన్ చివర సూర్యుడు తొమ్మిదిన్నర దాటాక గానీ దిగడు. వాలై కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, పిల్లి కళ్ళలో ఉన్నట్టు. మసక వెలుతురులో చిన్న చేపలకు దారి తెలియనప్పుడు దానికి బాగా కనబడుతుంది. గాలం అడుగుకు తగిలిందని తెలియగానే ఒక జానెడు ఎత్తి ఆపడం, అంతే. ఆ ఆపినప్పుడే బరువు పడేది. కొరికినట్టు కూడా ఉండదు, తడి గుడ్డకు తగులుకున్నట్టు ఉంటుంది. పదీ పావుకు దోమలు గెలిచాయి, ఒడ్డుకొచ్చాం.

మూడో రోజు వాలైలు: 21, మొత్తం 28. సోనార్: గంటా 10 నిమిషాలు. మిగులు లెక్క ప్రకారం 0.65. గాలాలు: 1, మొత్తం 14.

అన్నీ వదిలేసినవే, రెండు తప్ప. మాది కన్సర్వేషన్ లైసెన్సు (తక్కువ చేపలు ఉంచుకోనిచ్చే రకం): మనిషికి రెండు వాలైలు, అందులో 46 సెంటీమీటర్లు దాటినది ఒక్కటే. అక్కడే వండుకు తిన్నది కూడా ఆ రోజు లెక్కలోకే వస్తుంది. ఇంకొకటి, మానిటోబా నుంచి జలగలు ఎరగా తీసుకెళ్ళకండి. బతికిన చేప ఎరలు, జలగలు ఒంటారియోలోకి తేవడం నిషిద్ధం. మేం రబ్బరు ఎరలతోనే కానిచ్చాం.

దశ 6: చివరి రోజు

ఉదయం దిబ్బ ఉత్తరపు అంచు సరిచూద్దామని సోనార్ వేస్తే 35 నిమిషాలకు ఆరిపోయింది. అంతకు పది నిమిషాల ముందు స్క్రీన్ మీద వోల్టేజి 13కు దగ్గరగానే ఉంది. ఈ రకం బ్యాటరీల తీరే అంత, చివరిదాకా వోల్టేజి నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టులు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. గంటలు రాసుకోవడమే దారి. నా లెక్క ఇంకో అరగంట పైగా ఉందనుకుంది, అంత తేడా వచ్చింది.

సోనార్ లేకుండానే, డేగ గూడు, పొగగొట్టం చూసుకుంటూ వాలైలు 13. నాలుగు రోజుల మొత్తం 41. పోయిన 14 గాలాలకు 21 డాలర్లు వేసుకుంటే ఖర్చు 298.

తిరుగు విమానం పొగమంచు వల్ల ఐదు గంటలు ఆలస్యమైంది. ఆ ఖాళీలో పటం శుభ్రంగా మళ్ళీ గీసి, ఒక కాపీ క్యాబిన్ లాగ్ బుక్‌లో మడిచి పెట్టాను. పైన పెద్ద అక్షరాలతో రెండుసార్లు రాశాను: అంకెలన్నీ అడుగుల్లో.